మొదలూ చివరా లేని లోకంలో మా బావ

మా బావ సోమేశ్వర్‌ది పటాన్‌చెరులో కిరాణా దుకాణం. బొల్లారం కంపెనీ బస్సు ఎక్కే షిఫ్టు వాళ్లంతా పొద్దున్నే ఆయన దగ్గరే సబ్బో, బిస్కెట్లో కొనుక్కుని పోతారు. తూకంలో మోసం ఎరగని మనిషి. మాటల్లో పెట్టి బస్సు తప్పించడం మాత్రం ఆయనకు అలవాటు.

ఆ మాటలన్నీ బౌద్ధం గురించే. ఆ పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు. ఒకసారి వర్తక సంఘం వాళ్లతో నాగార్జునకొండకు లాంచీ మీద పోయాడు. మిగతా సేట్లు పులిహోర పొట్లాలు విప్పుకుని నీడన కూర్చుంటే, ఈయన ఎండలో రాళ్ల మధ్య గైడు వెంట తిరిగాడు. లోకానికి మొదలుందా, చివరుందా అని అడిగితే బుద్ధుడు జవాబు చెప్పకుండా ఊరుకున్నాడని ఆ గైడు చెప్పాడట. తిరిగొచ్చేటప్పుడు సంచి నిండా పుస్తకాలు తెచ్చాడు. అప్పటి నుంచి మా అక్క అరుణాదేవి పూజగదిలో దీపం వెలిగిస్తుంటే, ఈయన హాల్లో కూర్చుని లోకాన్ని చేసినవాడెవడూ లేడని పైకి చదివేవాడు.

దుకాణంలో ఆవాల బస్తా కనబడితే చాలు, మొదలుపెట్టేవాడు.

"పట్నమంత గుమ్మి నిండ ఆవాలు పోసి, నూరేండ్లకొక్క గింజ తీసెయ్యి. గుమ్మి ఖాళీ అయితది గని కల్పం ఒడవది. గసుంటి కల్పాలు ఎన్ని పోయినయో ఎవ్వనికి ఎరుక? లోకం పుడ్తది, కూల్తది, మల్ల పుడ్తది."

"నాకు పావుకిలో ఆవాలు చాలు సేటూ. జెర జల్దీ ఇయ్యి, బస్సు పోతది" అనేవాడు మందుల కంపెనీలో హెల్పరుగా చేసే లింగం. అందరూ నవ్వేవాళ్లు. బావ కూడా నవ్వేవాడు.

ఆత్మ లేదని చెప్పడానికి ఆయనకొక ఉదాహరణ ఉండేది. "బియ్యం, పప్పు, ఉప్పు, నీళ్లు కలిస్తే కిచిడి. ఏది దానికది తీసేస్తే కిచిడి యాడుంది? మనిషి గూడ గంతే."

"మీ లోకానికి షురువు లేదేమో గని, నా గిన్నెలకు ఒడుసుడు లేదు. లేవుండ్రి, తినుండ్రి" అనేది అక్క. సోమవారం ఆమె బీరంగూడ గుట్ట మీది శివుడి గుడికి పోతే ఈయనే బండి మీద దింపి, మెట్ల కింద పుస్తకం తెరిచి కూర్చునేవాడు. వాళ్ల కాపురానికి ఏ దిష్టీ తగల్లేదు, జబ్బు తగిలేదాకా.

అక్కకు కాలేయం చెడిపోయింది. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన బత్తాయి వలుస్తుంటే అక్క కళ్లు తెరిచి బావను అడిగింది.

"నేను పోయినంక యాడుంట?"

ఏదో ఒకటి చెప్పొచ్చు కదా! దేవుడి దగ్గరుంటావనో, నా పక్కనే ఉంటావనో. బావ ఆమె చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినంత మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"యాడా ఉండవు అరుణా. ఉండెటిదే లేదు. అన్ని కలిసినయి, ఇగ విడిపోతున్నయి. గంతే. భయపడకు."

"గట్లనా" అంది అక్క. గోడ వైపు తిరిగింది. తర్వాత నీళ్లడిగింది, మందులడిగింది, పిల్లలను అడిగింది. ఆయనను మళ్లీ ఏదీ అడగలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాకిట్లోకి లాగి కడిగేశాను. "పానం పోయేటప్పుడు గూడ నీ కిచిడి ముచ్చటేనా బావా? ఒక్క మాట అనలేకపోతివి?"

"పెండ్లయిన కాడికెల్లి ఆమెకు అబద్ధం చెప్పలే బామ్మర్దీ. అబద్ధం చెప్పి సాగనంపాల్నా?" అని ఏడ్చాడు. అక్క ఆ వారం దాటలేదు.

మూడో రోజు శ్మశానం దగ్గర పిట్టకు, అంటే కాకికి, పెట్టాం. అక్కకు ఇష్టమైన సర్వపిండి, పెరుగన్నం విస్తట్లో వేసి అందరం దూరంగా నిలబడ్డాం. మా వైపు కాకులు కనబడటమే గగనమైపోయింది. చాలాసేపటికి ఒక్కటి వచ్చి కరెంటు తీగ మీద వాలింది. విస్తరి వైపు చూసింది. దిగలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అంటారు. అదేమిటో కనిపెట్టి, పైకి మాటివ్వాలి. కొడుకు వరుణ్ ముందుకొచ్చాడు. "అమ్మా, చెల్లెను నేను చూసుకుంట." కూతురు అనూహ్య ఏడుస్తూ, నాయనకు వేళకు అన్నం పెడతానంది. నేనూ ఏదో అన్నాను. కాకి కదల్లేదు.

కాటి కాపరి జంగయ్య బావ వైపు తిరిగాడు. "సేటూ, అందరు చెప్పిన్రు. నువ్వే చెప్పలే."

ఆమె దేనికోసం ఆగిందో అక్కడ ఇద్దరికే తెలుసు, బావకూ నాకూ. అందరూ ఆయననే చూస్తున్నారు. చెబితే ఇన్నేళ్ల చదువు నీళ్లపాలు. చెప్పకపోతే అక్క అక్కడే. బావ చెప్పులు విడిచి విస్తరి దాకా నడిచాడు. తీగ వైపు చూసి చేతులు జోడించాడు.

"అరుణా, నువ్వు ఉన్నవు. యాడికి పోలే. ఆనాడు నేను చెప్పింది తప్పు. ఉన్నవే నువ్వు. వచ్చి తిను."

కాకి లేచింది. మా తలల మీదుగా హైవే వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాకా చూసి, విస్తరి ఆవుకు పెట్టి ఇంటికొచ్చాం.

బావ ఇప్పుడూ దుకాణం తెరుస్తాడు. పుస్తకాలు అటక మీదున్నాయి. పూజగదిలో దీపం అనూహ్య పెడుతుంది, ఈయన ఆ గడప తొక్కడు. ఊరుకోలేక మొన్న లింగం కదిలించాడు. "ఏంది సేటూ, కల్పాలు బందు పెట్టినవా?" బావ ఆవాలు తూచి పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. లింగం బస్సు కన్నా మూడు నిమిషాల ముందే స్టాపుకు చేరాడు.

వాళ్లంతా పోయాక నేనే అన్నాను. "అయిందేదో అయింది. ఇగ మర్చిపో బావా."

ఆయన తక్కెడ తుడుస్తూ, తలెత్తకుండా మాట్లాడాడు.

"బుద్ధుడు చెప్పింది నిజమైతే, ఆ దినం నేను ఉత్త తీగకు దండం పెట్టిన. అబద్ధమైతే, మీ అక్క ఆడనే ఉన్నది. నా మాట విన్నది. విని, వద్దని పోయింది. రెండిట్ల ఏది నిజం గావాల్నని కోరుకోవాలె బామ్మర్దీ, నువ్వే చెప్పు."