పిప్పి లేని కషాయం

చైనాలో, మా ఫోషాన్ ఊరి సందులో ఔ యొక్‌లాన్‌ని నమ్మించడం ఎవరి తరమూ కాదు. చేపలమ్మే మనిషి తక్కెడనూ, ఎదురింటి పిల్లినీ, పక్కింట్లో ఉండే నన్నూ ఒకే చూపుతో చూస్తుంది. ఏళ్ళ నాటి స్నేహం మాది. ఇప్పటికీ నేనేదైనా పెడితే వాసన చూసి గానీ నోట్లో పెట్టదు.

ఆవిడ కూతురు సిన్‌మాన్‌కి బుగ్గల నిండా ఎర్రగా వాచి, చీము పట్టిన మొటిమలు. ఒంట్లో వేడి అన్నారు అందరూ. యొక్‌లాన్ మట్టికుండలో ఎండు పూలూ చేదు వేర్లూ మరిగించి తాగించేది. మిగిలిన పిప్పిని, తొక్కినవాళ్ళతో రోగం పోతుందని, అందరిలాగే దారిలో పారబోసేది. మొటిమలు తగ్గీ తగ్గనట్టుండేవి. పిల్ల అద్దం చూడటం మానేసింది.

అప్పుడు సందు చివర లుక్ అనే కొత్త వైద్యుడు దిగాడు. నాడి చూశాడు, నాలుక చూశాడు, కాచిన కషాయం ప్యాకెట్లలో పోసి ఇచ్చాడు. వారం తిరక్కుండా పిల్ల మొహం నున్నబడింది. సందంతా ముక్కున వేలేసుకుంది, నేనూ వేసుకున్నాను. యొక్‌లాన్ మాత్రం నొసటి ముడి విప్పలేదు.

“దీని పిప్పి ఏదే?”

“మిషన్లో కాస్తారమ్మా. పిప్పి వాళ్ళే పారేస్తారు.”

“మరి దారిలో ఒక్క పుల్లయినా కనబడదేం? వేరు మందు నత్తలా పాకాలి గానీ, ఇలా గుర్రంలా దూకుతుందా? వాడేదో కలిపాడే!”

“నా మొహం బాగుపడితే నీకెందుకమ్మా కడుపుమంట? మళ్ళీ ఆ మొహమేసుకుని తిరగమంటావా?” పిల్ల భోరుమంది.

ఆ మాట తల్లికి బాగా గుచ్చుకుంది. అయినా కూతుర్ని రెక్క పట్టుకుని, సాక్ష్యానికి నన్నూ లాక్కుని లుక్ కొట్టుకి బయల్దేరింది.

“ఏమయ్యా వైద్యుడూ, పిప్పి చూపించు.”

“అది మా తాతల నాటి రహస్యం అక్కా. బయటపెట్టకూడదు.”

బల్ల వెనకాల లుక్ కూతురు పాఠం చదువుకుంటోంది. నుదుటి నుంచి గడ్డం దాకా మొటిమలే. రోజూ అంతమంది వచ్చిపోయే కొట్లో అది ఎవరి కంటా పడలేదు. యొక్‌లాన్ కంట పడింది.

ఆవిడ ఒక ప్యాకెట్ చింపి కప్పులో పోసి ఆ పిల్ల ముందు పెట్టింది. “తాగమ్మా. మా పిల్లకి వారంలో పోయాయి.”

“నాన్న నాకెప్పుడూ ఇవ్వలేదు,” అంటూ ఆ పిల్ల ఆశగా చెయ్యి చాపింది.

“ముట్టుకోకు!” అని అరిచి లుక్ కప్పును తోసేశాడు. కషాయం బల్లంతా పారింది.

లుక్ గుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు. సిన్‌మాన్ తన నున్నటి బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. ఇన్నాళ్ళూ తను తాగిందేమిటని అడగబోయి, వాళ్ళమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది.