కరివేపాకు అడగడానికి ఎవరు వెళ్ళారు?

దెయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

పెళ్ళయ్యాక అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నా భర్త కొట్టేవాడు. పక్కింటివాళ్ళు టీవీ సౌండ్ పెంచుకునేవారు. తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో నా చెంప కమిలి ఉండటం చూసి ఒకావిడ, "కాస్త అడ్జస్ట్ అవ్వాలమ్మా" అంటూ పులిహోర వడ్డించింది. పులిహోర బాగానే ఉంది, ఏం చేస్తాం!

మా కింద ఫ్లోర్‌లో సుభద్ర ఆంటీ ఉండేవారు. రిటైరైన సైంటిస్టు. అక్కడి చలిలో ఇంట్లో కుండీలో కరివేపాకు పెంచిన ఘనురాలు. ఎవరడిగినా రెబ్బలు లెక్కపెట్టి ఇస్తారని పేరు. ఆవిడతో నేనెప్పుడూ మాట్లాడలేదు. అతను మాట్లాడనిచ్చేవాడు కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం అతను నా ఫోన్ లాక్కుని, తలుపు లాక్ చేసి, వంటింట్లో నా గొంతు పట్టుకున్నాడు. అరవడానికి గొంతు పెగల్లేదు. ఇక బతకననే అనుకున్నాను.

బెల్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. చివరికి నన్ను వదిలి, విసుక్కుంటూ వెళ్ళి తలుపు తీశాడు.

ఎదురుగా ఆంటీ. చేతిలో స్టీలు గిన్నె, దాని నిండా కరివేపాకు. "మీ ఆవిడ పద్మజ అడిగిందయ్యా, తెచ్చాను" అంటూ చెప్పులు విప్పి లోపలికి వచ్చేశారు. నా మెడ చూశారు. "అమ్మాయిని నాతో తీసుకెళ్తున్నా. పోలీసులకి నేనే కాల్ చేస్తా. అడ్డం రాకు." అతను పక్కకి తప్పుకున్నాడు.

కిందికి వెళ్ళాక, "మీకెవరు చెప్పారాంటీ?" అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "అదేంటే, ఇందాక నువ్వేగా వచ్చి గిన్నె ఇచ్చావు! ఇదే పచ్చ చుడీదార్. పైకి మీరే తెచ్చివ్వండాంటీ అన్నావు. నీ మొహం చూస్తే రెబ్బలు లెక్కపెట్టబుద్ధి కాలేదు."

నేను గడప దాటలేదు. కానీ గిన్నె నాదే. అమ్మ చెక్కించిన నా పేరు దాని మీద ఉంది. ఆ పొద్దున నేనే కడిగి అరలో బోర్లించాను.

ఇప్పుడు వేరే ఊళ్ళో నా సొంత ఉద్యోగం, నా ఇల్లు, ఆంటీ ఇచ్చిన కరివేపాకు మొక్క. ఆవిడ రుణం ఈ జన్మలో తీరదు. ఆవిడా దెయ్యాల్ని నమ్మరు. నేనే వచ్చానని ఇప్పటికీ వాదిస్తారు.

ఆ రోజు మెట్లు దిగి వెళ్ళింది ఎవరో నాకు తెలియదు. నా నోట రాని సాయం ఎవరో వెళ్ళి అడిగారు. అడగ్గానే ఒక మనిషి లేచి వచ్చింది. ఈ రెండిట్లో ఏది పెద్ద వింతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.