శేషాచలం లారీ మీద ఫిర్యాదు

లారీ ఎక్కితే శేషాచలానికి పదేళ్ల వయసు తగ్గేది. నేల మీద నడిచేటప్పుడు ఎవరికీ అడ్డం రాకుండా పక్కకు ఒదిగి పోయే మనిషి. అలాంటివాడు సీట్లో కూర్చుని స్టీరింగు మీద చెయ్యి వేశాడంటే వెన్ను నిటారుగా లేచేది. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడూ అంతే, సిడ్నీ వచ్చాకా అంతే.

సిడ్నీకి అతను భార్య వెంట వచ్చాడు. కాత్యాయని అతనికి మేనమామ కూతురు. తిరుపతిలో ఎంసీఏ చదివి, హైదరాబాదులో కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాష మీద పనిచేసేది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ పాత భాష తెలిసినవాళ్లను దేశదేశాలు పిలిచి పీట వేశాయి. ఆమెకు ఆస్ట్రేలియా వీసా వచ్చింది, భర్తగా అతనికీ వచ్చింది. హారిస్ పార్కులో, స్టేషనుకు నాలుగడుగుల దూరంలో ఒక చిన్న ఫ్లాటు, ఇక్కడివాళ్ల మాటలో యూనిట్, అద్దెకు తీసుకుని కాపురం పెట్టారు.

ఎర్రగుంట్ల నుంచి మద్రాసుకు ఏళ్ల తరబడి కడప రాళ్లు తోలిన మనిషి ఇక్కడేం చేయాలి? గిరావీన్‌లో ఉండే ఈశ్వరప్రసాద్ దానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆయనది తెనాలి, బ్యాంకులో కంప్యూటర్ల విభాగానికి పెద్ద. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కు. "ఈ రోజుల్లో కోడిని కూర్చోబెట్టినా ప్రోగ్రామర్ అయిపోతోందయ్యా. టెస్టింగ్ కోర్సులో చేరు, ఆర్నెల్లలో ఆఫీసులో ఉంటావు" అన్నాడు. శేషాచలం చేరాడు. తరగతి గది కిటికీ పెద్ద రోడ్డు మీదికి ఉండేది. మాస్టారు బోర్డు మీద రాస్తున్నంతసేపూ ఇతను కింద పోయే ట్రక్కుల చక్రాలు లెక్కపెట్టుకునేవాడు. నెల తిరక్కుండా కోర్సు మానేసి లారీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు.

పరీక్ష పెట్టిన ఆఫీసరు బండి దిగుతూ, "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాడు.

"ఎర్రగుంట్ల" అన్నాడు శేషాచలం.

అదేదో మెల్‌బోర్న్ పక్క ఊరు అయినట్టు ఆయన తల ఊపి, సంతకం పెట్టాడు.

స్మిత్‌ఫీల్డ్‌లో కాన్ అనే గ్రీకు ఆయన నడిపే యార్డులో పని దొరికింది. తేదీల భయానికి కంపెనీలన్నీ పాత కంప్యూటర్లు పారేసి కొత్తవి కొంటున్నాయి. ఆ డబ్బాలు ఊరంతా చేరవేయడమే శేషాచలం పని. బండి కడిగినట్టుండేది, రోడ్డు అద్దంలా ఉండేది. పొద్దున్నే ఇంజను మోగగానే అతనికి ఒళ్లంతా హుషారు పుట్టేది. ఒక్కటే వింతగా అనిపించేది. మన లారీల వెనక 'హారన్ ప్లీజ్' అని ఉంటుంది కదా, ఇక్కడ బండి వెనక 'నా డ్రైవింగ్ ఎలా ఉంది?' అని రాసి, కింద కాన్ ఆఫీసు ఫోన్ నంబరు ఇచ్చారు. ఈ నంబరుకు పనిలేక ఎవరు ఫోన్ చేస్తారులే అనుకునేవాడు.

తొంభై తొమ్మిది అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున కాన్ అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచాడు. మరుసటి నెలలో శేషాచలాన్ని ట్రైలర్ బండి శిక్షణకు పంపుతానని ఆయన మాట ఇచ్చి ఉన్నాడు. ఆ కబురే అనుకుని శేషాచలం గబగబా వెళ్లాడు.

"షేష్, నిన్న మధ్యాహ్నం ఎం-ఫోర్ హైవే మీద ఎడమ లేన్‌లోకి మారావా?"

"మారాను. సిల్వర్‌వాటర్ దగ్గర దిగాలి కదా."

"ఎడమ పక్క కారేమైనా ఉందా?"

"లేదు."

"ఉంది" అన్నాడు కాన్. "చిన్న తెల్ల కారు. అందులో ఒక పెద్దావిడ. నువ్వు మీదికి వచ్చేస్తే ఆవిడ రోడ్డు అంచు దాటి కంకరలోకి దిగిపోయిందట. మిసెస్ డన్ అట పేరు. సోమవారం ఇక్కడికే వస్తానంది. నిన్ను ముఖాముఖి చూడాలట. అప్పటిదాకా బండి తాళాలు ఇక్కడ పెట్టు మేట్. ట్రైలర్ సంగతి తర్వాత."

శేషాచలం తాళాలు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు. తిట్లకు అతను భయపడే మనిషి కాదు. ఆ రోజు రోడ్డంతా అతనికి కళ్లకు కట్టినట్టు గుర్తుంది. టోల్ గేటు, ముందు పోతున్న సిమెంటు బండి, ఇండికేటర్ వేయడం, అద్దంలో చూడడం, అన్నీ ఉన్నాయి. తెల్ల కారు మాత్రం ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు. అదే అతన్ని కలవరపెట్టింది. మనవైపు అయితే ఎవరి తప్పో ఆ క్షణాన్నే తేలిపోతుంది. హారన్లు మోగుతాయి, బండ్లు ఆగుతాయి, ఇద్దరూ దిగి నాలుగు మాటలు అనుకుని, ఒక టీ తాగి పోతారు. ఇక్కడ కోపం కూడా చప్పుడు చేయకుండా ఇంటికి పోయి ఫోనెత్తుతుంది.

శనివారం మధ్యాహ్నం గిరావీన్‌లో ఈశ్వరప్రసాద్ ఇంట్లో బార్బీ, అంటే ఆరుబయట నిప్పుల మీద కాల్చుకు తినే విందు. పెరట్లో మొక్కజొన్న కండెలు కాలుస్తూ ఆయన సంగతంతా విన్నాడు.

"ఒప్పుకున్నావో, అయిపోయావన్నమాటే. సాక్షి ఎవరున్నారు చెప్పు? ఆవిడ మాట ఆవిడది, నీ మాట నీది. ఇండికేటర్ వేశాను, అద్దం చూశాను, కారు లేదు. ఈ మూడు ముక్కలే చెప్పు, నాలుగోది చెప్పకు."

"అంకుల్, నిజంగా లేదనే నాకూ అనిపిస్తాంది" అన్నాడు శేషాచలం.

"మరింకేం, ధైర్యంగా చెప్పు."

తిరిగి వచ్చేటప్పుడు కారు కాత్యాయని నడుపుతోంది. పారామట్టా దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"బావా, ఆఫీసులో బగ్ వచ్చిందనుకో, యూజర్ ఉందంటాడు, ప్రోగ్రామర్ లేదంటాడు. వాదిస్తా కూర్చుంటే తెల్లార్లూ తేలదు. మేమేం చేస్తామో తెల్సా? అదే తప్పు మళ్లా జరిగేటట్టు చేసి చూస్తాం."

"అంటే మళ్లా పోయి ఇంకొకరి మీదికి లారీ తోలమంటావా?"

"కాదులే. రేపు యార్డు తీస్తారా? మన కారు నీ లారీ పక్కన పెట్టి చూద్దాం."

ఆదివారం పొద్దున కాన్ బండ్లు కడిగిస్తాడు. ఫోన్ చేస్తే, ఇదేం పిచ్చి అంటూనే రమ్మన్నాడు. శేషాచలం తన లారీ ఎక్కి కూర్చున్నాడు, ఇంజను ఆపే ఉంచాడు. కాత్యాయని వెనకనుంచి వాళ్ల పాత కరోలాను లారీకి ఎడమ పక్కగా మెల్లగా ముందుకు తెస్తోంది. అద్దంలో కారు స్పష్టంగా కనబడింది. స్టీరింగు వెనక ఆమె ముఖం కూడా కనబడింది. దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. తర్వాత లేదు.

లారీ ముందరి పెద్ద అద్దంలో కనబడుతుందని ఎదురు చూశాడు. రాలేదు.

"కాత్యా, యాడుండావు?" అని కేకేశాడు.

కాళ్ల కిందినుంచి వచ్చినట్టు కారు హారన్ మోగింది. "ఈడే ఉండా. చెయ్యి ఊపుతాండా, కనపళ్ళేదా?"

అతను అటు చూశాడు, ఇటు చూశాడు. అద్దంలో ఖాళీ సిమెంటు నేల, కిటికీలో ఆకాశం. "కదలొద్దు, అట్లనే ఉండు" అని గబుక్కున దిగి లారీని చుట్టి పరుగెత్తాడు. ఎడమ తలుపు కిందనే, ముందు చక్రం పక్కన, కారు కారంతా నిక్షేపంగా ఉంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఆమె ఇంకా ఊపుతూనే ఉంది.

"నువ్వు లేవు కాత్యా. పైనుంచి చూస్తే నువ్వు లేనే లేవు."

ఆమె ఎగిరి కారు దిగింది. "నేనూ చూస్తా, నువ్వు కార్లో కూర్చో" అంటూ లారీ ఎక్కేసింది. కాసేపటికి పైనుంచి ఆమె గొంతు వినబడింది. "బావా, నిజమే, నువ్వూ లేవు. ఇట్లా ముందుకు వంగితే నెత్తి కొంచెం కనపడుతాంది. వంగకపోతే ఏం లేదు."

కాన్ చేతిలో నీళ్ల గొట్టం పట్టుకుని నవ్వాడు. "అందుకే కదా వంగి చూడమని నేర్పుతాం. నువ్వు వంగలేదా?"

వంగలేదు. ఎందుకు వంగలేదో అప్పుడు తట్టింది శేషాచలానికి. ఎర్రగుంట్ల లారీలో ఎడమ పక్క ఎప్పుడూ క్లీనర్ కూర్చునేవాడు. సగం ఒళ్లు బయట పెట్టి, తలుపు మీద చరిచి, "పోనీ అన్నా" అనేవాడు. అన్నేళ్లూ కుడి కన్ను ఒక్కటే తనది, ఎడమ కన్ను పక్కవాడిది. ఈ దేశంలో ఒంటరిగా లారీ ఎక్కాడు కానీ, ఆ ఎడమ కన్ను తెచ్చుకోలేదు. పరీక్ష రోజున వంగి చూసి ఉంటాడు. పని అలవాటయ్యాక మెడ పాత దారిలో పడిపోయింది.

"ఆమె చెప్పిందే నిజం" అన్నాడు భార్యతో. ఆశ్చర్యంగా, ఆ మాట అన్నాక గుండె తేలికపడింది.

"ఈశ్వరప్రసాద్ అంకుల్ మూడు ముక్కలు చెప్పమన్యాడే?"

"ఒక ముక్క సాలు."

సోమవారం మిసెస్ డన్ చెప్పిన వేళకన్నా ముందే వచ్చింది. పొట్టి మనిషి, నీలం స్వెట్టరు, చంకలో గట్టిగా అదిమిన సంచి. డెబ్బై దాటి ఉంటాయి. చకచకా నడిచి వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా శేషాచలం ఎదుట నిలబడింది. ఏదో మొదలుపెట్టబోతుంటే అతనే ముందు నోరు తెరిచాడు.

"మేడం, మీరు చెప్పింది నిజం. తప్పు నాది. నేను మిమ్మల్ని చూడలేదు."

కాన్ కళ్లు మూసుకున్నాడు. ఆవిడ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. కాదంటే ఏమనాలో దారంతా కూర్చుకుని వచ్చినట్టుంది. అవునన్నవాణ్ణి ఏమనాలో తోచలేదు.

"మా ఊళ్లో అయితే మీరు అక్కడికక్కడే బండి ఆపి నన్ను తిట్టేవాళ్లు" అన్నాడు శేషాచలం. "ఇక్కడ ఆ వీలు లేకపోయింది. నాలుగు రోజులు మనసులో పెట్టుకున్నారు. ఇప్పుడు తిట్టండి. నిలబడి వింటాను."

ఆవిడ కాన్ వైపు చూసింది. ఇతను ఎగతాళి చేస్తున్నాడా అన్నట్టు మళ్లీ శేషాచలం వైపు చూసింది. తర్వాత తిట్టింది. మొదట మర్యాదగా, మెల్లగా, ఆనక గొంతు పెంచి తిట్టింది. చెల్లెలి పుట్టినరోజుకని స్వయంగా చేసి పక్క సీట్లో పెట్టుకున్న నిమ్మకాయ కేకు ఎగిరి అద్దానికి ఎలా అంటుకుందో చెప్పింది. ఆ లారీ ఒక గోడలా ఎలా మీదికి వచ్చిందో, కంకరలో చక్రాలు ఎలా జారాయో చెప్పింది. బండ్లు తోలేవాళ్లకు కళ్లు నెత్తికెక్కాయంది. శేషాచలం చేతులు కట్టుకుని విన్నాడు. యార్డులో పనివాళ్లు కూడా పని ఆపి విన్నారు.

చివరికి ఆవిడ గొంతు తగ్గింది.

"మా అబ్బాయి నన్ను కారు మానెయ్యమంటున్నాడు. వయసు మీరింది, తాళాలు ఇచ్చెయ్యమంటున్నాడు. వాడికి ఇది చెప్పనే లేదు. నేనే చూసుకోలేదేమో, నాకే చూపు ఆనడం లేదేమో అని నాకు ఒకటే దిగులు."

"మీ చూపుకేం కాలేదు మేడం. మీరు మీ లేన్‌లోనే ఉన్నారు. రండి, చూపిస్తాను."

మెట్లు ఎత్తుగా ఉన్నాయి. వెనకనుంచి కాన్ చెయ్యి ఆసరా ఇస్తే, తన చేత్తో సీటు పట్టుకుని మిసెస్ డన్ లారీ ఎక్కేసింది. శేషాచలం ఆవిడ తెల్ల కారులో కూర్చుని మెల్లగా లారీ పక్కకు తెచ్చాడు. అది అద్దంలోంచి మాయమైన క్షణాన ఆవిడ, "పోయాడు" అని అరిచింది. ముందుకు వంగి, కిందికి చూసి, అతని నెత్తి కనబడగానే చిన్నపిల్లలా డాష్‌బోర్డు చరిచింది. ఆ ఊపులో చెయ్యి ఎక్కడ పడిందో ఏమో, లారీ హారన్ భోరుమని మోగి యార్డంతా ఉలిక్కిపడింది. అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది ఆవిడే. సర్దుకుని, కాన్ వైపు చూసి, ఈసారి కావాలనే ఇంకోసారి కొట్టింది.

కిందికి దిగాక సంచి సర్దుకుంటూ స్పష్టంగా చెప్పింది. "ఫిర్యాదు వెనక్కి తీసుకోను. జరిగింది జరిగిందే. కానీ ఈయన తప్పు ఒప్పుకున్నాడని కూడా రాసుకోండి. ఆ ఎడమ తలుపు మీద ఇంకో అద్దం పెట్టించండి. ఈయన బండికే కాదు, అన్నిటికీ."

కాన్ రాసుకున్నాడు. శేషాచలానికి హెచ్చరిక కాగితం ఇచ్చాడు. ట్రైలర్ శిక్షణ కొత్త సంవత్సరం దాకా వాయిదా వేశాడు. అది బాధే. కానీ ఆ కాగితం మీదే తాళాల గుత్తి కూడా పెట్టి ముందుకు తోశాడు. "సిల్వర్‌వాటర్‌లో నలభై మానిటర్ల కోసం చూస్తున్నారు. పో."

శేషాచలం వెళ్లేముందు ఆఫీసు ఫోన్లోంచి కాత్యాయనికి చేశాడు. ఆమె ఊరి మధ్య అద్దాల భవనంలో, పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేస్తూ కూర్చుని ఉంది. తిట్ల దగ్గర మొదలుపెట్టి కేకు, మెట్లు, హారన్, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. అవతల ఆమె మాటిమాటికీ, "అబ్బా, ఆమె లారీ ఎక్కిందా? నిజంగానా? హారన్ కొట్టిందా?" అంటూ సీట్లోంచి లేచి నిలబడింది. ఫోన్ పెట్టేశాక కూడా ఆగలేక, పక్క బల్ల దగ్గరున్న వియత్నాం అమ్మాయికి కథంతా మొదటినుంచీ చెప్పుకుపోయింది. సగందాకా వచ్చాక ఆ అమ్మాయి నవ్వుతూ చెయ్యి అడ్డం పెడితే గానీ, తను చెబుతున్నదంతా తెలుగులో అని ఆమెకు తెలియలేదు.