మునిరత్న మూసిన డ్రెయిన్

కరోనా రావడానికి రెండేళ్ల ముందు సంగతి. హోసూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, రెండో అంతస్తు సర్జికల్ వార్డుకు నేను ఇన్‌చార్జ్ నర్సును. ఇప్పుడు ఆ వార్డు లేదు, పగలగొట్టి స్కానింగ్ గదులు కట్టారు. అయినా ఆ వైపు పనిపడి లిఫ్టు ఎక్కితే నా వేలు రెండో నంబరు మీదికే పోతుంది. నేను వార్డులోకి అడుగుపెడితే జూనియర్లు మందుల ట్రాలీని కూడా చప్పుడు కాకుండా తోసేవాళ్లు. నా నోరు అలాంటిది మరి, దాచుకోవడం ఎందుకు?

ఆ ఎండాకాలంలో వేప్పనపల్లి వైపు నుంచి వెంకటప్ప అనే మనిషి మా వార్డులో చేరాడు. మామిడి తోపుల్లో అంటు కట్టే పనివాడు. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. పరీక్షల్లో 'సివియర్ అక్యూట్ ప్యాంక్రియాటైటిస్' అని తేలింది. అన్నాన్ని అరిగించే రసాలు తయారుచేసే ప్యాంక్రియాస్ గ్రంథి, ఆ రసాలకే తాను దెబ్బతిని వాచిపోవడమన్నమాట. తాగేవాళ్లకే ఇలాంటివి వస్తాయని నాకు నేనే తీర్మానించేసుకుని, "ఎన్నేండ్లుగా తాగతా ఉండాడమ్మా?" అని ఆయన భార్య మునిరత్నను గద్దించాను.

"టీ తప్పితే ఏమీ తాగడు సిస్టరమ్మా" అందామె.

ఆమె చెప్పిందే నిజం. పిత్తాశయంలోంచి జారిన రాయి ఒకటి దారికి అడ్డం పడి ఇంత పని చేసింది.

మూడు వారాలు ఐసీయూలో ఉన్నాడు. ఊపిరి అందలేదు, కిడ్నీలు మొరాయించాయి. అవి కాస్త కుదుటపడ్డాయి అనుకునేసరికి జ్వరం పట్టుకుంది. గ్రంథిలో చచ్చిపోయిన భాగానికి చీము పట్టిందని స్కాన్‌లో కనిపించింది. "కోసి తీసేయండి సార్, ఇంకా ఏం చూసేది?" అని మునిరత్న చేతులు జోడించింది. తొందరపడి కోస్తే బతికిన భాగం కూడా ఊడి వస్తుంది, రక్తం ఆగదు. చచ్చింది వేరుపడి చుట్టూ గోడ కట్టుకునేదాకా ఓపిక పట్టాలి. ఇదంతా సర్జన్ సార్ మాకు వివరంగా చెప్పారు. ఆమెకు మాత్రం "ఇంకా టైము కావాలమ్మా, ముందు పైపు పెడతాం" అన్నారంతే. ఆమె తలూపింది. తలూపితే అర్థమైనట్టేనని మా ఆసుపత్రి వాళ్ల నమ్మకం.

స్కాన్‌లో చూసుకుంటూ ఎడమ పక్క నడుము మీదుగా సన్నని పైపు లోపలికి పంపారు. దాన్నే డ్రెయిన్ అంటాం. చివర ఒక సంచి, మధ్యలో చిన్న కుళాయి ఉంటాయి. పైపు పూడుకుపోకుండా రోజుకు మూడుసార్లు సెలైన్ ఎక్కించి కడగాలి. జ్వరం దిగాక మనిషిని మళ్లీ మా వార్డుకు మార్చారు. చార్టులో అడుగున ఒక గడి ఉంటుంది: 'డ్రెయిన్ గురించి కుటుంబానికి వివరించాం.' ఆ రోజు వార్డు నిండా కొత్త కేసులు. ఆ గడిలో టిక్కు కొట్టి సంతకం పెట్టేశాను. వివరించింది మాత్రం లేదు.

రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం మంచం ఊగిపోయేంత చలి పుట్టింది. బీపీ పడిపోతోంది. సంచి చూస్తే ఖాళీ. పైపు తడుముకుంటూ పోతే, పొద్దున కడిగినప్పుడు తెరిచే ఉన్న కుళాయి మూసి ఉంది.

"ఎవరు మూసింది?"

"నేనే" అంది మునిరత్న.

"నీకు మతి ఉండాదా? మొగుణ్ణి నీ చేత్తోనే చంపుకుంటావా?" వార్డంతా వినిపించింది నా గొంతు.

ఆమె ఏడవలేదు. "సత్తువంతా కారిపోతా ఉండాది గదా సిస్టరమ్మా. తోపులో కొమ్మకి గాయమై జిగురు కారితే పేడా మన్నూ మెత్తేస్తాం. లేకుంటే చెట్టు ఎండిపోతాది. ఆ మాదిరే అనుకొని మూసినాను."

కుళాయి తిప్పగానే దుర్వాసనతో చీము దూకింది. సర్జన్ సార్ పరుగున వచ్చారు, మందులు మార్చారు. "ఆమెకు చెప్పలేదా?" అని మెల్లగా అడిగి, చార్టు తిప్పారు. నా టిక్కు చూశారు. చార్టు మూసి నా చేతికిచ్చి, మళ్లీ మంచం వైపు తిరిగారు. తిట్టి ఉంటే బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

బీపీ నిలబడ్డాక ఆమె పక్కన కూర్చున్నాను. "చెప్పకుండానే చెప్పినట్టు కాగితంలో టిక్కు పెట్టినాను మునిరత్నా. తప్పు నాది. అది సత్తువ కాదు, విషం. అది ఎంత బయటికి పోతే అంత మంచిది."

"ఆ మాట ముందే చెప్పింటే నేనే కాపలా కాసేదాన్ని గదా!"

నిజంగానే కాసింది. నేను పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, "సిస్టరమ్మా, పైపు కడిగే టైమాయె! యాడికి పోయినావు?" అని వార్డు దద్దరిల్లేలా కేకేసేది. నన్ను అదిలించే మనిషి దొరికిందని జూనియర్లకు ఒకటే సంబరం.

తర్వాత లావుపాటి పైపు మార్చారు గానీ, చచ్చిన ముక్కలు గడ్డలుగా ఉండి రాలేదు. ఐదో వారంలో ఆపరేషన్ అన్నారు. ఆ పైపు దారిలోనే చిన్న కోత పెట్టి, కెమెరాలో చూస్తూ ముక్కల్ని పట్టుకారుతో తీసే పద్ధతి. ఈసారి నేనే కూర్చోబెట్టి అంతా చెప్పాను, మనిషి దక్కకపోవచ్చన్న మాట కూడా.

ఆమె "ఎండుపుల్ల తీసేటప్పుడు పచ్చిది చీలదా?" అంది.

"వదులైనదే తీస్తారు. ఇంకా అంటుకొని ఉంటే లాగరు."

"అట్లయితే మీ సారు పని తెలిసినాయనే" అని సంతకం పెట్టింది.

వెంకటప్ప బతికాడు. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్న రోజు ఆమె మొగుడి ముఖం చూడకుండా సంచి వైపే చూస్తూ కూర్చుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఎదుటివాళ్లు తమ నోటితో తిరిగి చెప్పేదాకా నేను మళ్లీ ఆ గడిని ముట్టుకోలేదు. ఆ అలవాటు ఆమె ఇంటికి పోయిన రోజే మొదలైంది. పైపు ఇంకా ఉండగానే పంపుతున్నాం. డిశ్చార్జ్ కాగితంలోనూ అదే గడి. పెన్ను పట్టుకుని, "ఈ పైపు ఎందుకో నువ్వు చెప్పు" అన్నాను.

"లోపలి చీము బయటికి పోయేదానికి. మూయకూడదు, మడత పడకూడదు. ఎర్రగా వచ్చినా, ఉన్నట్టుండి నిలిచిపోయినా, చలిజ్వరం వచ్చినా ఈడికి పరిగెత్తుకొని రావాల" అని గడగడా చెప్పి, నా చేతిలోని పెన్ను వైపు చూసి నవ్వింది.

"ఊఁ, ఇప్పుడు పెట్టు సిస్టరమ్మా టిక్కు."