నా చేతిలో మిగిలిపోయిన పీట

మా చుట్టాల్లో ఎవరిని కదిపినా ఒకటే కథ చెబుతారు. పెద్దదానికి కాలు బాగోదు, చిన్నదానికి నోరు ఆగదు, ఇద్దరూ కలిసి ఎవరి మాటా వినకుండా ఒక పాత జీపు కొన్నారు, పెద్దది వాగు దాటబోయి హడలిపోయి మళ్ళీ జన్మలో స్టీరింగు ముట్టలేదు అని. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర నా ఎదురుగానే చెబుతారు. ఇందులో నా నోటి సంగతి నిజం. మిగతాదంతా తప్పు. అక్క హడలిపోలేదు. హడలిపోయిన మనిషి వాగును రెండోసారి ఒంటరిగా దాటి రాదు. మరి ఏమైందని అడిగితే మాత్రం నా దగ్గరా జవాబు లేదు. అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

అక్కకు మూడేళ్ళ వయసులో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. తొడ దాకా ఇనుప కడ్డీలూ తోలు పట్టీలూ ఉన్న బూటు వేసుకుని, చంకలో ఒక కర్రతో నడిచేది. పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక నారపల్లి దాటి లోపలికి ఉన్న మూడెకరాల ద్రాక్షతోట తనకు కావాలని అడిగి మరీ తీసుకుంది. ఉండటం మాత్రం నాచారంలో మా ఇంట్లోనే. ఉప్పల్ వెళ్ళి వరంగల్ బస్సెక్కేది, నారపల్లి దాటాక దిగి రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీ గోడ మీద కూర్చునేది. అక్కడి నుంచి రెండు మైళ్ళు రాళ్ళూ గుంతలూ, మధ్యలో ఒక వాగు. పక్క చేను రైతు ఎడ్లబండి వస్తే తోటకు, రాకపోతే వెనక్కి ఇంటికి.

ద్రాక్షకు కత్తిరింపుల రోజులు ముఖ్యం. ఏ కణుపు దగ్గర కొయ్యాలో యజమాని పక్కన నిలబడి చూపించాలి. ఒక ఏడు ఆ రోజుల్లోనే రైతు ఎద్దుకు గిట్ట పుండు పడింది. అక్క వారం పాటు మోరీ మీద కూర్చుని తిరిగొచ్చింది. కూలీలు తోచినట్టు కోసేశారు, ఆ ఏడు కాపు ఆకుల్లోనే పోయింది. మా మేనమామ వచ్చి, "ఇగ సాలు బిడ్డా. కౌలుకిచ్చి ఇంట్ల కూసో" అన్నాడు. అక్క ఆయనకు టీ ఇచ్చి, "నాకొక బండి కావాలె మామా. నేను అనుకున్నప్పుడు పోవాలె, అనుకున్నప్పుడు రావాలె" అంది. ఆ మాట నేను విన్నాను. అందరమూ విన్నాం. విన్నామనే అనుకున్నాం.

మా ఆయన ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిముట్ల విభాగంలో ఉద్యోగి. వాళ్ళ ఆఫీసులో స్క్రూడ్రైవర్ కొనాలన్నా ఒక పట్టిక వేస్తారు. అడ్డంగా వస్తువులు, నిలువుగా గుణాలు, చివర సిఫారసు. ఆదివారం పొద్దున్నే డ్రాయింగు షీటు పరిచి అక్క బండికీ అలాంటిదే వేశాడు. మొదటి గడిలో మెటాడోర్ వ్యాను, రెండో గడిలో మామ చెప్పిన, సామాన్లు మోసే మూడు చక్రాల బండి, మూడో గడిలో సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ సుబేదారు దగ్గరున్న మిలిటరీ వేలం జీపు. నేల నుంచి బండి అడుగు ఎంత ఎత్తు, ఎంత నీళ్ళలో దిగగలదు, ఎంత జాగాలో మళ్ళుతుంది, అన్నీ రాశాడు. నేను ఫిజిక్సు చదివినదాన్ని, ఊరుకుంటానా, మూడు చక్రాల బండి ఏటవాలులో ఎందుకు బోర్లా పడుతుందో పటం గీసి చూపించాను. మామకు కోపం వచ్చింది.

"పడితె పడతది. లేపనీకి మనుషులు లేరా?"

"నువ్వుంటవా మామా అక్కడ, రోజూ లేపనీకి?"

"నీతోటి మాట్లాడుడే తప్పు" అని ఆయన కండువా దులుపుకున్నాడు.

అక్క వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పట్టికలో ఎనిమిదో తొమ్మిదో వరుసలు నిండాయి. ఆమెను ఒక్క ముక్క అడిగినవాళ్ళు లేరు. నేను కూడా. ఇంత వాదించిన నేను కూడా.

సిఫారసు జీపుకే వచ్చింది. కొనే ముందు ట్రయల్ ఉండాలన్నాడు మా ఆయన, అదీ వాళ్ళ ఆఫీసు పద్ధతే. సుబేదారును ఒప్పించి జీపును తోట దారిలోకి తీసుకెళ్ళారు మామా, మా ఆయనా. అక్క బరువెంతో కనుక్కుని అంత ఇసుక రెండు బస్తాల్లో నింపి, ముందు సీటులో పెట్టి తాళ్ళతో కట్టారు. మధ్యాహ్నానికి దుమ్ము కొట్టుకుని సంతోషంగా తిరిగొచ్చారు.

"బస్తా ఇంచు కదలలేదు వదినా" అన్నాడు మా ఆయన.

"బస్తాను సీట్లకు ఎవరు ఎక్కించిన్రు మరిదీ?"

"నేనే. ఎత్తి పెట్టిన."

"మరి నన్ను?"

ఆయన పట్టిక వైపు చూశాడు. సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఆ పట్టికలో లేనేలేదు. అక్క ఇంకో మాట అంది: "ఇంకొకటి. బస్తాను ఎడమ దిక్కు సీట్ల ఎందుకు కూసోబెట్టిన్రు? బండి నేను తోలుత."

జీపుకు క్లచ్ ఎడమకాలితో తొక్కాలి. అక్కకు లేనిదే అది. మామ లేచి చెప్పులేసుకుని, "అక్కాసెల్లెండ్లకు పిచ్చి లేసింది" అని వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణం వరకూ ఆమె తోలుతుందన్న ఊహే లేదు. కానీ మామ ఆ మాట అన్నాక ఇంక నేను ఆగలేదు. తోలి తీరుతుంది అన్నాను, జీపు కొన్నాం. అక్క కోసం అన్నానా, మామ మీద గెలవడానికి అన్నానా అంటే, ఈ రోజు వరకూ నాకు తేలలేదు.

క్లచ్‌ను చేత్తో లాగేలా ఒక కడ్డీ బిగించవచ్చని నేనే పటం గీశాను. కడ్డీ కుడిచేతి వైపు, తలుపు లేని ఆ అంచున. ఉప్పల్‌లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరకు పట్టుకెళ్ళాను. ఆయన పటాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"మేడం, జర చెప్పున్రి. కుడిచెయ్యి క్లచ్ మీద?"

"అవును."

"ఎడమచెయ్యి గేర్ మీద?"

"అవును."

"స్టీరింగ్ ఎవరు పడతరు? అక్కకు మూడో చెయ్యి ఉన్నదా?"

ఆయన మనుషులు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన ఎగతాళి చేసి ఊరుకోలేదు. పాత సామాన్ల కుప్పలోంచి ఒక కారు హ్యాండ్‌బ్రేక్ లాగి తీశాడు. దాన్ని పైకి లాగితే పళ్ళ మీద అక్కడే ఆగి ఉంటుంది, బొటనవేలితో బొత్తాం నొక్కితే మెల్లగా దిగుతుంది. గేరు పక్కన దాన్ని బిగించి క్లచ్‌కు తీగ కలిపాడు. ఎడమచేత్తో కడ్డీ లాగి వదిలేస్తే క్లచ్ నొక్కినట్టే ఆగుతుంది. అదే చేత్తో గేరు మార్చుకుని, మళ్ళీ కడ్డీ దించుకోవచ్చు. కుడిచెయ్యి స్టీరింగు వదలనక్కరలేదు. "ఫికర్ చెయ్యకున్రి. రాళ్ళల్ల మొత్తం ఒక్క గేర్ మీదనే పోవాలె" అన్నాడు.

రెండు నెలలు ప్రతి ఆదివారం నాచారం ఫ్యాక్టరీల వెనక ఖాళీ మైదానంలో అక్క నేర్చుకుంది. మొదటి రోజు ఇంజను పదకొండుసార్లు ఆగిపోయింది. మూడో వారానికి మా ఆయన పక్క సీట్లో నిద్రపోయేంత బాగా తోలింది.

ఎక్కడమే కష్టంగా ఉండేది. డ్రైవరు వైపు ఎక్కేవాళ్ళు ఎడమకాలే ముందు లోపల పెట్టాలి. అక్కకు అది కుదరదు. అందుకని మోకాలెత్తు పీట ఒకటి వడ్రంగితో చేయించాను. కుడికాలితో పీట ఎక్కి, సీటుకు వీపు పెట్టి కూర్చుని, ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి లోపల వేసుకునేది. ఒకరు పీట పట్టుకోవాలి, ఒకరు భుజం పట్టుకోవాలి. పీట చేయిస్తున్నప్పుడు అక్క ఒకటి అడిగింది.

"దానికొక తాడు కట్టియ్యి. ఎక్కినంక నేనే పైకి గుంజుకుంట."

"తాడెందుకక్కా? మేము లేమా?" అన్నాను.

అక్క ఇంకేం అనలేదు. నా నోటి ముందు చాలామంది ఇంకేం అనరు. నేను దాన్ని ఒప్పుకోవడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

కత్తిరింపులకు వారం ముందు తోటకు బయల్దేరాం. వరంగల్ రోడ్డు మీద మా ఆయన తోలాడు. మోరీ దగ్గర అక్క స్టీరింగు ముందుకు మారింది. రాళ్ళ దారంతా నడక వేగంతో, ఒక్క గేరు మీద, నేను వెనక సీటులో కమ్మీ పట్టుకుని. వాగులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. అక్క జీపు ఆపింది.

"మీరిద్దరు ఈడ దిగుండ్రి."

"ఎందుకు?"

"దిగుండ్రి. నేనొక్కదాన్నే దాటుత. తోట దాకా పోయి ఒస్త."

దిగాం. పీట నా చేతిలో ఉంది. మోరీ దగ్గర ఆమెను ఎక్కించాక ఒళ్ళో పెట్టుకున్నాను, అలాగే దాంతో పాటే దిగాను. జీపు నీళ్ళలోకి దిగి, ఒకసారి పక్కకు ఒరిగి, అవతల ఒడ్డెక్కింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. దారి అక్కడ ఒక బండరాళ్ళ గుట్ట వెనక్కి తిరుగుతుంది. జీపు గుట్ట వెనక్కి వెళ్ళింది. కాసేపటికి ఇంజను చప్పుడు ఆగిపోయింది.

తోట అక్కడికి ఇంకా అర మైలు దూరం. అంటే తోట చేరి ఆపింది కాదు. అంతలో దగ్గర్లో కంకర మిషను మొదలైంది, రాళ్ళు పగిలే ఆ రొదలో పక్కనున్నవాళ్ళ మాటే సగం వినపడుతుంది. పది నిమిషాలయ్యాక మా ఆయన ప్యాంటు మడిచాడు.

"పోయి చూసొస్త."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "పోవద్దు. ఇప్పుడు నువ్వు పోతే ఆమె జన్మల మళ్ళ ఒక్కతే పోదు. తనే ఒస్తది."

"ఏమన్న అయితె?"

"ఏం కాదు. నీ ఇసుక బస్తా అనుకున్నవా?"

ఆయన ఆగిపోయాడు. నలభై నిమిషాలు. ఆయన గడియారం చూస్తూనే ఉన్నాడు, అందుకే నాకు కచ్చితంగా తెలుసు. ఆ తర్వాత మిషను రొదలోంచే ఇంజను మోత దగ్గరైంది. జీపు గుట్ట చుట్టూ తిరిగి, వాగు దాటి, మా ముందు వచ్చి ఆగింది. అక్క ముఖంలో భయం లేదు. సంతోషమూ లేదు. ఉత్తరం చదువుతూ మధ్యలో ఎవరో పిలిస్తే తలెత్తినట్టుంది.

"ఏమైందక్కా?"

"ఏం కాలే. ఇగ నువ్వు తోలు మరిదీ."

పీట వేసి దింపుతుంటే చూశాను. ఎడమకాలి బూటుకు, ఇనుప కడ్డీల దాకా, ఎర్రమట్టి. చీర మోకాళ్ళ దగ్గర మట్టి. మోచేతి మీద గీరుకుపోయిన గీత. అంటే దిగింది. పీట నా దగ్గర ఉండగా, ఇద్దరం పట్టుకుంటే తప్ప ఎక్కలేని ఆ సీటు మీదికి ఎవరూ లేకుండా మళ్ళీ ఎక్కింది. దారిలో రెండుసార్లు అడిగాను. "రాయి అడ్డమున్నది, జరిపిన" అంది. ఎలా ఎక్కావంటే కిటికీ లేని ఆ జీపులోంచి బయటికి చూసింది.

మరునాడు పొద్దున, "ఒక డ్రైవర్ను చూడు మరిదీ" అంది. చూశాం. ఆ ఏడు కత్తిరింపులకు ఒక్క రోజు కూడా తప్పకుండా వెళ్ళింది, ఎడమ సీటులో, ఇసుక బస్తా కూర్చున్న చోట. ఆరేళ్ళు తోట చేతిలోనే ఉంచుకుంది, బోర్లు ఎండిపోయేదాకా. మామ గెలిచాననుకున్నాడు. డ్రైవరు మాత్రం ఆ హ్యాండ్‌బ్రేక్ కడ్డీ మోకాలికి తగులుతోందని, పీకేస్తానని ఎన్నిసార్లు అడిగాడో. అక్క ప్రతిసారీ ఒకటే మాట: "ఉండనియ్యి."

తోలకపోతే కడ్డీ ఎందుకు? ఉంచుకున్నదాన్ని ఎందుకు తోలలేదు? ఎవరి సాయమూ లేకుండా ఎక్కిన మనిషి, ఆ తర్వాత ఆరేళ్ళు మరొకరి చేత ఎందుకు ఎక్కించుకుంది? ఒకటి సరిపోతే రెండోది సరిపోదు. కాలేజీలో ఇంతకన్నా కష్టమైన లెక్కలు చేశాను.

ఇప్పుడు తోట లేదు, ప్లాట్ల హద్దురాళ్ళున్నాయి. అక్క మా ఇంట్లో ముందు గదిలో ఉంటుంది. పీట కూడా ఉంది, దాని మీద తులసి కుండీ పెట్టాం. అప్పుడప్పుడు ఆ మాట ఎత్తితే, "ఏంది నీ లొల్లి, ఛాయ్ పెట్టు" అంటుంది. నేను అడిగేదేమో ఎప్పుడూ ఎలా ఎక్కావనే. అసలు అడగాల్సింది అది కాదు. అది అడగడానికి, ఎవరితోనైనా ఇట్టే జగడానికి దిగే నాకు, నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను, కళ్ళజోడు పెట్టుకుని చదువుతుంది.

అక్కా, ఆ నలభై నిమిషాల్లో నువ్వు మమ్మల్ని పిలిచావా?