తప్పు గొబోదే

కొండ మీది మికుమో ఊళ్ళో ఏ మేపుల్ ఆకు ఎండినా, ముడుచుకున్నా, మచ్చ పడినా తప్పు పిల్లిదే. పురుగుది కాదు, తెగులుది కాదు, ఎండది అసలే కాదు. పిల్లిది. ఈ సత్యాన్ని కనిపెట్టిన మహానుభావుడు గెన్సాకు గారు. అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే, ఆ పిల్లి కూడా ఆయనదే.

ఆయన పళ్ళ డాక్టరు పని చేసి చేసి మానేసిన మనిషి. ఊళ్ళో సగం నోళ్ళు ఆయన ముందు తెరుచుకున్నవే. పళ్ళు వదిలేశాక ఆకులు పట్టుకున్నారు. నోట్లో పెట్టి చూసే పొడుగు పిడి గుండ్రటి అద్దం ఒకటి ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. దాన్ని కొమ్మల సందుల్లోకి దూర్చి, ఆకుల అడుగు భాగం చూస్తూ, "కాస్త తెరవాలి... ఇంకొంచెం... నొప్పేం లేదుగా?" అని చెట్టునే అడిగేవారు. చెట్టు ఏం చెప్పేదో ఆయనకే తెలియాలి. చివరికి నిట్టూర్చి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు తొడలకి ఆనించి, నడుం విరుగుతుందేమో అన్నంత కిందికి వంగేవారు.

"క్షమించండి. ఇది మా గొబో పని."

ముందు చెట్టుకి క్షమాపణ, తరవాత ఇంటివాళ్ళకి. మర్నాడు పూర్ణం మిఠాయిల పెట్టె ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చి మళ్ళీ క్షమాపణ. ఆ తరవాత ఆకు బాగయ్యేదాకా రోజూ వచ్చి వైద్యం. పిల్లిని పెంచిన పాపానికి పైసా పుచ్చుకునేవారు కాదు.

ఇక ఆ నేరస్థురాలి సంగతి. గొబో అంటే సన్నగా పొడుగ్గా ఉండే దుంప. చిన్నప్పుడు అలా ఉండేదేమో, ఆ పేరు పెట్టారు. ఇప్పుడది బియ్యం మూట. ఒక్క పన్ను లేదు. పళ్ళ డాక్టరు పిల్లికి పళ్ళు లేకపోవడం మీద ఊరు ఎంత నవ్వుకోవాలో అంతా నవ్వుకుంది. వరండాలో పరుపు మీద పడుకుంటే సూర్యుడు జరిగినా అది జరిగేది కాదు. అలాంటిది రాత్రికి రాత్రి కొండ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిరిగి మేపుల్ చెట్లన్నీ పాడు చేస్తోందని ఆయన వాదన!

గుడి పూజారి గారి చెట్టుకి ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడ వచ్చింది. గెన్సాకు గారు అద్దం పెట్టి చూశారు. "గొబో ఇక్కడే పడుకుంటోందండీ. కింద కొమ్మలు ఇంత గుబురుగా ఉంటే దానికి పక్క వేసిపెట్టినట్టే కదా. కొన్ని తీయించండి. గాలి ఆడితే దానికి జలుబు చేస్తుంది, రాదు." పూజారి గారు నవ్వుకుంటూనే కొమ్మలు తీయించారు. చేపల అంగడి ఆవిడ చెట్టుకి ఆకుల కొసలు మాడాయి. "నూనె తీసిన ఆవపిండి చెట్టు మొదట్లో గుప్పిళ్ళు గుప్పిళ్ళు పెట్టారుగా, ఆ వాసనకి వస్తోంది. ఈ ఏడు ఎరువు మానెయ్యండి." ఆవిడ "దొంగముండ పిల్లి!" అని తిట్టి మానేసింది.

నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉండేవాళ్ళు. ఆకులు మాత్రం చిగురిస్తూనే ఉండేవి. ఇదెలా జరుగుతోందో చిజురుకి ఎంతకీ అర్థమయ్యేది కాదు.

చిజురు సోబా నూడుల్స్ అంగడి ఉమెనో గారి కోడలు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ప్రాణంగా చూసుకునే కుండీ మేపుల్ ఒకటి ఉన్నట్టుండి నల్లబడి ఆకులు రాల్చేసింది. గెన్సాకు గారు వచ్చి పెరడంతా చూశారు. "నూడుల్స్ ఉడికించిన నీళ్ళు ఈ మూల పారబోస్తున్నారా? ఆ వెచ్చదనానికి మా గొబో వచ్చి కుండీని ఆనుకుని కూచుంటోంది. ఇక నుంచి చల్లారనిచ్చి కాలవలో పొయ్యండి" అన్నారు. అత్తగారు పిల్లిని తిట్టారు, కోడలు కూడా తనవంతు తిట్టింది. వేసవి దాటేసరికి కుండీ నిండా కొత్త ఆకులు. చిజురు ఆ సంగతి అంతటితో మరిచిపోయింది.

ఆ ఇంటి అసలు మేపుల్ కుండీలోది కాదు, గుమ్మం పక్కది. ఉమెనో గారి భర్త హెయిజో గారు అంగడి తెరిచిన రోజున నాటినది. వసంతంలో పసిపిల్లల అరచేతులంత ఆకులు వేసేది. శరత్తులో ఎర్రబడిందంటే ఇక చూడాలి. తినడానికి వచ్చినవాళ్ళు నూడుల్స్ గిన్నెలో నాని ముద్దయిపోతున్నా తెలియక నోరు తెరుచుకుని చెట్టునే చూస్తూ ఉండిపోయేవాళ్ళు. హెయిజో గారు కిందటి శరత్తులో, సరిగ్గా ఆ ఎరుపు మధ్యనే పోయారు.

ఈ వసంతంలో ఆకులు వచ్చాయి గాని, వస్తూనే అంచులు గోధుమరంగుకి తిరిగి మాడడం మొదలుపెట్టాయి. తలా ఒక మాట చెప్పారు. మందు కొట్టమన్నారొకరు, నీళ్ళు తగ్గించమన్నారొకరు. ఉమెనో గారు ఎవరి మాటా వినలేదు.

"ఆయన రమ్మంటున్నారు దాన్ని. నాకు తెలుసు" అన్నారు కోడలితో. "ఓబోన్ పండక్కి ఆయన ఆత్మ ఇంటికొచ్చేసరికి చెట్టు ఎండిపోయి నిలబడి ఉంటే, ఏ మొహం పెట్టుకుని దీపం పెట్టను? ఆ లోపే కొట్టించేస్తా. తోటమాలికి కబురు పెట్టు."

భర్త పోయినప్పటి నుంచి ఆవిడ గొంతు అలాగే ఉంది, నూతిలోంచి వచ్చినట్టు. చెట్టు పోతే ఈవిడ కూడా నిలవదని చిజురు భయం. తోటమాలి ఇంటికని బయలుదేరి తిన్నగా గెన్సాకు గారింటికి వెళ్ళింది.

"తాతగారూ, ఒక్కసారి వచ్చి చూడండి. కాని దయచేసి ఈసారి పిల్లి కథ చెప్పకండి. అత్తయ్య పరిస్థితి ఏం బాగోలేదు."

"నేనెప్పుడమ్మా కథలు చెప్పాను?" అని నొచ్చుకుని, ఆయన పరుపు వైపు తిరిగారు. "విన్నావా గొబో? నీ తప్పులు దాచమంటోంది!"

గొబో చెవి కూడా కదపలేదు.

గుమ్మం దగ్గర ఆయన పని మొదలుపెట్టాక చిజురు ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి చూసింది. ఎంత నవ్వులాటగా ఉన్నా, చెట్టు మీద చెయ్యి వేయగానే ఆ మనిషి వేరే మనిషి. అద్దంతో ఆకుల అడుగులన్నీ చూశారు, పురుగు లేదు. చిన్న కొమ్మని గోటితో గీరారు, లోపల పచ్చగా ఉంది. "ప్రాణం ఉందమ్మా" అన్నారు మెల్లగా. ఒక ఆకుని వెలుతురుకి పట్టారు. మధ్యలో లేత పచ్చ, ఈనెలన్నీ బంగారు తీగల్లా మెరుస్తున్నాయి. అంచు మాత్రం నిప్పు తగిలినట్టు చుట్టూ కాలి ఉంది. ఆయన దాని వంక ఎంతసేపు చూశారంటే, పసిబిడ్డ ముఖం చూసేవాళ్ళు కూడా అంతసేపు చూడరు.

ఉమెనో గారు చేతి గుడ్డతో కళ్ళు ఒత్తుకుంటూ, "నేనేం లోటు చెయ్యలేదండీ" అన్నారు. "గుమ్మానికి అటూ ఇటూ ఉప్పు కుప్పలు రోజూ మార్చే పని ఇదివరకు ఆయనదే కదా. నిన్నటి ఉప్పు తీసి వీధి కాలవలో పోసేవారు. శుభం కోసం పెట్టిన ఉప్పు కాలవలోకేమిటని నాకు మనసొప్పలేదు. ఆయన పోయినప్పటి నుంచీ చెట్టు మొదట్లోనే పోస్తున్నా. ఆయన చెట్టేగా, ఆ శుభమేదో దానికే దక్కాలి."

గెన్సాకు గారు చెట్టు మొదట్లో వేలు గుచ్చి, ఆ మట్టి నాలుక మీద పెట్టుకున్నారు. గుమ్మం వైపు చూశారు. తెల్లగా, ముచ్చటగా రెండు ఉప్పు కుప్పలు. ఆ తరవాత ఉమెనో గారి వైపు చూశారు. ఆయన ముఖంలో రంగు పోయింది.

చిజురుకి తల్లో దీపం వెలిగింది. "అత్తయ్యా, ఉప్..."

"పిల్లి!" అని గెన్సాకు గారు కేక పెట్టారు. వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. "మా గొబోయే! సందేహం లేదు!"

"ఏం చేసిందండీ?"

"పళ్ళు లేవని దానికి చప్పిడి తిండి పెడుతున్నా. నాలుక చచ్చిపోయినట్టుంది. ఇక్కడ ఉప్పు ఉందని నాకడానికి వచ్చి, నాకిందాంతో ఊరుకోక ఇక్కడే... చెప్పడానికి సిగ్గుగా ఉంది."

"పాసు పోస్తోందా? మా ఆయన చెట్టు మీదా?"

"రోజూనండీ."

ఉమెనో గారి చెంపలు ఎర్రబడ్డాయి. నూతిలోంచి గొంతు పైకి వచ్చేసింది. "దాన్ని చంపి పాతరేస్తాను! కాలు విరగ్గొడతాను! ఎంత ధైర్యం దానికి!" అని వీధంతా వినబడేలా అరిచారు. ఆ అరుపు విని వంటింట్లోంచి కొడుకు పిండి చేతులతో పరిగెత్తుకొచ్చాడు. అమ్మ అలా అరవడం విని ఎన్నాళ్ళయిందో, వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

గెన్సాకు గారు ఈసారి వంగలేదు. మోకాళ్ళ మీద కూలబడి నుదురు నేలకి ఆనించారు. అలా ఉండే వైద్యం చెప్పారు. పై మట్టి తీసేసి కొత్త మట్టి వెయ్యాలి. మొదలంతా నానేలా మెల్లగా నీళ్ళు, మళ్ళీ మళ్ళీ, దాని కంపు నేలలోంచి దిగిపోయేదాకా పొయ్యాలి. ఎరువు వద్దు. ఎండ తగలకుండా వెదురు తడక కట్టాలి. "ఇక నిన్నటి ఉప్పు ఉందే, అది ఇక్కడ పడితే మళ్ళీ వస్తుంది. రోజూ పొద్దున నేను వచ్చి పట్టుకెళ్తా. దానితోనే గొబోని శుద్ధి చేసుకుంటా."

చిజురు ఆయన్ని వీధి మలుపుదాకా సాగనంపింది.

"తాతగారూ, మీరు నాలుక మీద పెట్టుకున్నది ఉప్పు."

"నా నాలుక ముసలిదమ్మా, దానికి రుచులు తెలియవు."

"తాతగారూ!"

ఆయన ఆగారు. "మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆయన చెట్టుని నా చేతులారా చంపుకుంటున్నానన్న మాట కూడా ఆవిడ మొయ్యగలదా? గొబో మోస్తుంది. దాని ఒళ్ళు చూశావుగా, ఎంత బరువైనా మోస్తుంది."

చిజురు నవ్వబోయి ఆగిపోయింది. మనసులో పాత కుండీ మెదిలింది. "అయితే ఆ రోజు... ఆ వేడి నీళ్ళు... అవి పోసింది నేనే కదా?"

"నూడుల్స్ పొంగిపోతున్నాయేమో చూసుకో, వెళ్ళు వెళ్ళు" అని ఆయన అద్దం జేబులో పడేసుకుని, వయసుకి మించిన వేగంతో కొండ దిగిపోయారు.

లోకంలో అందరూ పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మనుషుల్ని తిడతారు. మనుషుల్ని తిట్టకుండా ఉండడానికి పిల్లిని పట్టుకున్నవాడు ఈయనొక్కడే. పూజారి గారి గుబురు కొమ్మలు, చేపలావిడ ఎరువు, కొత్త కోడలి వేడి నీళ్ళు, అన్నీ చిజురుకి వరసగా గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఇదే ఊళ్ళో తన పన్ను పుచ్చితే మిఠాయిల మాటెత్తకుండా, "ఏదో దొంగ పురుగు వచ్చిందమ్మా" అన్న డాక్టరు కూడా ఈయనే. ఇంత పెద్ద మనసుని ఇన్నేళ్ళూ పిచ్చి అనుకుని నవ్వానే అని ఆమె ఆ మలుపులో అలాగే నిలబడిపోయింది.

వానలు వచ్చి మిగిలిన ఉప్పుని కడిగేశాయి. పొద్దున్నే ఆయన డబ్బా పట్టుకుని రావడం, ఉమెనో గారు ఉప్పుతోపాటు గొబోకి ఆ రోజు తిట్లు కూడా కొలిచి ఇవ్వడం అలవాటైపోయింది. తిట్టి తిట్టి ఆవిడకి ఆకలి వేయడం మొదలైంది. ఓబోన్‌కి దీపం పెట్టేనాటికి కొమ్మల కొసలకి లేత ఆకులు వచ్చాయి. తోటమాలిని ఎవరూ పిలవలేదు.

శరత్తులో ఒక పొద్దున తలుపు తీసిన చిజురు గుమ్మంలోనే ఆగిపోయింది. చెట్టంతా ఎరుపు. గోడ మీద ఎరుపు, ఉప్పు కుప్పల మీద ఎరుపు, వెనకాలే వచ్చి నిలబడ్డ అత్తగారి తెల్లజుట్టు మీద కూడా ఎరుపే.

"పద" అన్నారు ఉమెనో గారు. "ఆ పిల్లిని క్షమించి వద్దాం."

ఎండబెట్టి పల్చగా చెక్కిన చేప పొట్లం ఒకటి పట్టుకుని వెళ్ళారు. గెన్సాకు గారు సంబరపడిపోయి టీ కాయడానికి లోపలికి పరిగెత్తారు. ఉమెనో గారు పరుపు పక్కన కూచుని, గొబో నోటికి చేప అందిస్తూ దాని వీపు నిమిరారు.

"ఇది ఈ పరుపు దిగి ఎన్నేళ్ళయిందో పాపం" అన్నారు మెల్లగా. "కొండెక్కి మన గుమ్మందాకా వస్తుందా ఎక్కడైనా?"

చిజురు ఉలిక్కిపడింది. "అత్తయ్యా! మీకు తెలుసా?"

"గెన్సాకు గారు వచ్చి చూసి వెళ్ళిన సాయంత్రమే నేనూ మట్టి నాలుక మీద పెట్టుకుని చూశా. ఏడుపు ముంచుకొచ్చింది. కాని మర్నాడు పొద్దున ఆ పెద్దమనిషి డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి, గొబో తరఫున మళ్ళీ నడుం వంచుతుంటే, ఇక ఏడవబుద్ధి కాలేదే."

"మరి ఇన్నాళ్ళూ ఆయనతో అనలేదేం?"

"పిచ్చిదానా, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుంది. ఈయనా అంతే. అనుకోనీ."

లోపలి నుంచి టీ పళ్ళెం చప్పుడు దగ్గరైంది. ఉమెనో గారు చటుక్కున నిటారుగా కూచుని, గొబో ముక్కు ముందు వేలు ఆడించి గట్టిగా అరిచారు. "ఇంకోసారి మా చెట్టు దగ్గర కనిపించావంటే తోక కత్తిరిస్తా, జాగ్రత్త!"

గెన్సాకు గారు గుమ్మంలోనే, టీ ఒలికిపోతున్నా చూసుకోకుండా, పళ్ళెంతో సహా నడుం వంచారు.

"క్షమించండి. బుద్ధి చెప్తాను."

గొబో కళ్ళు తెరవకుండానే చేప చప్పరించింది.