ఆరు తక్బీర్లు, నా ఒక్క గొంతు

మూడొందలమంది పెద్దమనుషుల్ని, అదీ కొత్తబట్టలు వేసుకుని అత్తరు పూసుకుని వచ్చినవాళ్ళని, ఒక్క కేకతో నడుములు వంచేలా చేసిన ఘనుణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, చూసుకోండి. రంజాన్ పండగ పూట, బెంగళూరు నడిబొడ్డున, నాకు పిల్లనివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న పెద్దాయన సమక్షంలో ఆ ఘనకార్యం చేశాను. చాలా ఏళ్ళపాటు ఈ సంగతి ఎవరు ఎత్తినా నీళ్ళు తాగే మిష మీద లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు జుట్టూ నెరిసింది, సిగ్గూ పలచబడింది. అందుకని నేనే చెప్పేస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. చందాపురలో ఒక అద్దెగది, ఆ పక్కనే కంపెనీలో ఉద్యోగం. ఉద్యోగమంటే పెద్దగా ఏమీ లేదు, అమెరికావాళ్ళ కంప్యూటర్లు పాడైతే ఇక్కణ్ణించి ఫోన్లో ఓదార్చడం. లైను సరిగా ఉండేది కాదు, అరవాల్సి వచ్చేది. "దస్తగిరీ, నీకు ఫోను దండగయ్యా, కిటికీ తీసి మాట్లాడు చాలు" అనేవాడు మా మేనేజరు. దాన్ని నేను మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాను. అసలు కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

మాది ప్రొద్దుటూరు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే సాయిబులం. ఆ రంజాన్ నెలలో మా మేనమామ బాబయ్య ఒక సంబంధం పట్టుకొచ్చాడు. నగర్తపేటలో జరీ పని చేయించే ఫక్కీరప్పగారి అమ్మాయి, పేరు షమీమ్. వాళ్ళ తాతలనాడే అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారు. అమ్మాయి ఎంత నచ్చిందంటే, ఫొటో తిరిగి ఇమ్మని మామ అడిగితే బస్సులో పారేసుకున్నానని చెప్పాను. అదీ రోజా, అంటే ఉపవాసం ఉండి. ఆ అబద్ధం లెక్క పైవాడి దగ్గర ఇంకా తేలాల్సి ఉంది.

నెల ఆఖరి వారంలో ఫక్కీరప్పగారు మమ్మల్ని ఇఫ్తారుకు పిలిచారు. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నానో లేదో, ఆయన విచారణ మొదలుపెట్టారు.

"రోజాలు అన్నీ ఉండావా అప్పా?"

"అన్నీ ఉన్నాను సార్." ఇది నిజమే. మా ఆఫీసు క్యాంటీను భోజనం నెలరోజులు మానెయ్యడం ఏమంత త్యాగం కాదు.

"నమాజు?"

"ఐదు పూటలా సార్." ఇందులో నాలుగు పూటలు అబద్ధం. ఐదోది శుక్రవారం మాత్రం నిజం.

అక్కడితో ఆగి సమోసా అందుకుని ఉంటే ఈ కథ లేదు. కాని తలుపు తెర కింద రెండు పట్టీల పాదాలు కనపడ్డాయి. నాలోపలున్న అమెరికా గొంతు పైకొచ్చింది. "మా ఊరి ఈద్గాలో ముకబ్బిర్ నేనే సార్! ప్రతి పండక్కీ నేనే!"

తెలియనివాళ్ళకు చెప్తాను. ఇమాం గొంతు వెనక వరసలకు అందనప్పుడు, మధ్యలో ఒకడు నిలబడి ఆయన పలికిన "అల్లాహు అక్బర్" అందుకుని గట్టిగా వినిపించాలి. వాడే ముకబ్బిర్. నేను ఆ పని చేసింది జన్మలో ఒక్కసారి, మా పెద్దమామ ఇంటి వరండాలో. జనం ఎనిమిదిమంది. వాళ్ళలో ఇద్దరు నిద్రపోతున్నారు.

"అబ్బా! గొంతుండే పిల్లోడు" అన్నారు ఫక్కీరప్పగారు మా మామతో. "పండగ నమాజుకు మా మైదానానికి తోడుకోని రా అప్పా. నమాజు అయినాక నా మాట చెప్తా."

బయటికొచ్చాక మా మామ నా జబ్బ పట్టుకున్నాడు. "ఏంరా, ఎప్పుడు చేసినావురా ఈద్గాలో?"

"ఊరికే అన్నాలే మామా. వాళ్ళకి మైకులున్నాయి, నాతో ఏం పని?"

పండగ వచ్చింది. డిసెంబరు చలి, మంచు కూడా పూర్తిగా విడలేదు. కొత్త లాల్చీ గంజికి అట్టలా నిలబడి ఉంది, లోపల నేను వణుకుతున్నాను. మైదానమంతా చాపలు. ఇమాంగారు మైకులో ప్రతి ఏడూ చెప్పే జాగ్రత్తే చెబుతున్నారు. మామూలు నమాజులో నిలబడి ఉండగా "అల్లాహు అక్బర్" వినపడితే వంగుతాం. పండగ నమాజులో మాత్రం ఆ పలుకులు, అంటే తక్బీర్లు, ఆరు ఎక్కువ, మొదటి సగంలో మూడు, రెండో సగంలో మూడు. వాటికి వంగకూడదు, చేతులు చెవులదాకా ఎత్తి దించాలంతే. రెండో సగంలో మూడూ అయ్యాక నాలుగోదానికి వంగాలి. "అలవాటు కొద్దీ వంగేరు, జాగ్రత్త" అని ఆయన అంటుండగానే మైకు గుయ్యిమని ఒక కూత కూసి ఆగిపోయింది. కరెంటు పోయింది.

వరసల మధ్య నుంచి ఫక్కీరప్పగారు గబగబా వచ్చారు. నేను పక్కవాడి వెనక్కి ఒదిగాను.

"దస్తగిరీ, అల్లా నిన్ను వేళకు పంపినాడప్పా! ఈడ మధ్యలో నిలబడు. వెనకుండేవాళ్ళంతా నీ గొంతు మీదనే ఉండారు."

"సార్, నాకు జలుబు..."

"సుమ్మనె ఉండప్పా, ఏం జలుబు! ఇప్పుడే మాట్లాడితే మసీదు దాకా వినపడె" అని నా భుజం తట్టి, ఆయన వెళ్ళి చిట్టచివరి వరసలో నిలబడ్డారు. మసీదు కమిటీలో పెద్దమనిషి అయ్యుండీ పండగనాడు ఎప్పుడూ చివరి వరసేనట. ఎంత వినయం, అనుకున్నాను.

మొదటి సగం అద్భుతంగా సాగింది. ఇమాంగారు పలికారు, నేను అందుకున్నాను. మూడుసార్లూ వెనక వందల చేతులు ఒక్కసారిగా లేచి దిగిన చప్పుడు వినపడింది. నా గొంతుకు ఇంతమంది! నెలరోజులు కడుపు మాడ్చుకుని అణచిన గర్వమంతా అర నిమిషంలో తిరిగొచ్చింది. రెండో సగంలో ఇమాంగారు ఖురాన్ చదువుతున్నారు. నేను వినాలి. వినలేదు, ఇది మాత్రం నిజం చెబుతాను. పెళ్ళిలో బిరియానీ మటన్‌తోనా చికెన్‌తోనా అనే దగ్గరున్నాను.

ఇంతలో ఇమాంగారు "అల్లాహు అక్బర్" అన్నారు.

"అల్లాఆఆహు అక్బర్!" అని అమెరికా దాకా వినపడేలా అరిచి, హాయిగా వంగాను.

వంగాక ముందు వరసల మడమలు కనపడ్డాయి. అవన్నీ నిటారుగా నిలబడ్డ మనుషుల మడమలు. కాళ్ళ సందులోంచి వెనక్కి చూశాను. నా వెనక మైదానం మొత్తం వంగి ఉంది.

ఇప్పుడేం చెయ్యాలి? లేవమని చెప్పడానికి అక్కడ మాట లేదు, ఉన్న మాట ఒక్కటే, దానితోనే ఇంత పని జరిగింది. ఇమాంగారు రెండో తక్బీరు పలికారు. దాన్ని నేను అందుకోలేదు. నేను లేచాను. నా వెనకాల కొందరు లేచారు, కొందరు ఏకంగా నేలకు నుదురు ఆనించి సజ్దాకు దిగిపోయారు, మిగిలినవాళ్ళు సగం వంగి పక్కవాడేం చేస్తాడా అని ఎదురుచూశారు. పక్కవాడు వీళ్ళను చూస్తున్నాడు. నమాజులో మాట్లాడకూడదు కనక నన్ను ఎవరూ తిట్టలేకపోయారు. దగ్గారు. అన్ని తిట్లు దగ్గులో ఇమడతాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఎలాగో నమాజు ముగిసింది. ఇమాంగారు లేచి, నవ్వు ఆపుకుంటూ, "నమాజు అయినట్టే, ఎవరూ బెంగపడకండి. నెలంతా సహనం నేర్చుకున్నాం కదా, ఒక అబ్బాయి చివర్లో పరీక్ష పెట్టాడు" అన్నారు. చాప ఎత్తి కింద దూరదామనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి పోయిందని ఒక ఏడుపు. నెలరోజుల ఉపవాసంలో కడుపు తప్ప ఏదీ ఖాళీ చెయ్యలేదని ఇంకో ఏడుపు.

పారిపోదామంటే పండగ నమాజు తర్వాత పారిపోయే వీలుండదు. ప్రతివాడూ ప్రతివాణ్ణీ కౌగిలించుకోవాలి. ఒక్కొక్కరే వచ్చి, ఆప్యాయంగా గుండెకు హత్తుకుని, చెవిలో చెప్పి పోయారు.

"ఈద్ ముబారక్. స్కూల్లో లెక్కల్లో ఎన్ని వచ్చేవి తమ్ముడూ?"

"ఈద్ ముబారక్. నా నడుం నొప్పికి డాక్టరు వంగొద్దన్నాడు. నువ్వు వంచినావు."

"ఈద్ ముబారక్" అని మా మామ కూడా హత్తుకున్నాడు. "చందాపుర బస్సు ఆ పక్క దొరుకుతాదిరా. పోదాం పా."

అప్పుడే చివరి వరస నుంచి ఫక్కీరప్పగారు వచ్చారు. మొహంలో ఏమీ తెలియడం లేదు. నన్ను గట్టిగా పట్టుకున్నారు.

"తప్పయిపోయింది సార్" అన్నాను. "ఈద్గాలో నేనెప్పుడూ చెయ్యలేదు. అబద్ధం చెప్పాను. వరండాలో చేశాను, ఎనిమిదిమందికి."

ఆయన నా చెవి దగ్గరికి వంగారు. ఆ పెద్దాయన ఒళ్ళంతా నవ్వుతో కదిలిపోతోంది.

"ఏమప్పా, నేను చిన్నప్పటినుంచీ ప్రతి పండక్కీ ఆ తక్బీరుకే వంగుతా. ఎంత లెక్క పెట్టుకున్నా అంతే. ఒక ఏడు మా కమిటీవాళ్ళు చూసి నెలరోజులు నవ్వినారు. అందుకే చివరి వరసలో దాక్కునేది. ఈ ఏడు అందరూ వంగినారు. నన్ను ఎవురూ కనిపెట్టలే!" కళ్ళు తుడుచుకున్నారు. "ఇంతమందిలో కాబోయే మామ పరువు కాపాడినోడికి కాక, ఇంకెవురికి ఇస్తానప్పా పిల్లని? ఇంక సార్ గీర్ అనబాక. ఇంటికి రా, షీర్ ఖుర్మా తాగుదువు."

ఆ షీర్ ఖుర్మా, ఆ సేమ్యా పాయసం రుచి నాకింకా గుర్తుంది. తెర వెనక వినపడిన నవ్వు అంతకంటే బాగా గుర్తుంది. ఇప్పటికీ పండగ పొద్దున నేను గడప దాటేటప్పుడు షమీమ్ మూడు వేళ్ళు చూపించి లోపలికి పోతుంది.

కాబట్టి ఈ కాగితం చదివే అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మైకు పోయినా, కరెంటు పోయినా, కమిటీ మొత్తం కాళ్ళు పట్టుకున్నా, పండగ నమాజులో గొంతెత్తను. ఖురాన్ చదివేటప్పుడు బిరియానీ తలచను. వంగేముందు కుడిపక్కవాణ్ణి ఒకసారి చూసుకుంటాను. ఎడమపక్కన పిల్లనిచ్చిన మామ ఉంటాడు, ఆయన్ని మాత్రం చూడను. అప్పటికే వంగి ఉంటాడు.